పట్టణపు క్షేమమును, చిన్న సంఘపు సేవయు

(కుటుంబ ప్రార్థనలలోను, ఆదివారపు సాయంకాల కూడికలలోను చదువుకొనదగిన పాఠము)

చదువవలసిన భాగములు: యిర్మీయా 28, 29 అధ్యాయములు, నెహెమ్యా 3, లూకా 17:11–19, అపొ. కార్యములు 6:1–7, రోమా 16:1–2, గలతీ 6:1–10.

కంఠస్థము చేయవలసిన వచనము: యిర్మీయా 29:7.



మన గ్రామ సంఘములలో ఏ సంఘపు పేర్ల పుస్తకమును తెరచి చూచినను, కొన్ని పేర్ల ప్రక్కన "హైదరాబాదు వెళ్లిరి" అను మాట కనబడును. తాపీపనికి పోయినవారు కొందరు, ఇండ్లలో పనికి కుదిరినవారు కొందరు, ఆసుపత్రులలో నర్సులుగాను ఆయాలుగాను చేరినవారు కొందరు, చదువుకొరకు వెళ్లిన పిల్లలు కొందరు. ఆ మాట వ్రాసిన పిమ్మట పుస్తకము మూసివేయుదుము. వెళ్లినవారు ఏ బస్తీలో నున్నారో, ఏ మందిరమునకు పోవుచున్నారో, అసలు పోవుచున్నారో లేదో, మనలో అనేకులకు తెలియదు. అందుచేత ఈ నెల పాఠమును పట్టణమందలి చిన్న సంఘమును గూర్చి వ్రాయుచున్నాము. అందులోను చార్మినారు చుట్టునున్న పాతబస్తీని మన కన్నుల యెదుట నుంచుకొందము. అక్కడ క్రైస్తవులు కొద్దిమంది. ఇరుగుపొరుగువారు అధికభాగము ముస్లిములును హిందువులును. అటువంటి చోట ముప్పది నలువది కుటుంబముల సంఘము దేనికొరకు నిలిచియున్నది? మన పాఠమునకు ఇదియే ప్రశ్న.

1. చెరలోనున్నవారికి వచ్చిన ఉత్తరము

యిర్మీయా 29వ అధ్యాయము ఒక ఉత్తరము. నెబుకద్నెజరు యెరూషలేము నుండి పట్టుకొనిపోయినవారికి, బబులోనులోనున్నవారికి, ప్రవక్త దానిని వ్రాసి పంపెను. దాని ముందరి అధ్యాయమును కూడ చదివినగాని ఈ ఉత్తరపు బలము తెలియదు. హనన్యా అను ఒకడు లేచి, రెండేండ్లలోనే అంతయు చక్కబడును, అందరును తిరిగివత్తురు అని ప్రవచించెను. వినుటకు తియ్యని మాట. యిర్మీయా మాత్రము డెబ్బది ఏండ్లు అని చెప్పెను. రెండేండ్లే యుందుమని నమ్మినవాడు ఇల్లు కట్టడు, తోట వేయడు, పొరుగువానితో స్నేహము చేయడు. డెబ్బది ఏండ్లు ఉండవలెనని తెలిసినవాడు ఇవన్నియు చేయును. అందుకే ఇండ్లు కట్టుకొనుడని, తోటలు నాటుడని, పిల్లలకు పెండ్లిండ్లు చేయుడని, ఏ పట్టణమునకు దేవుడు వారిని పంపెనో ఆ పట్టణపు క్షేమమును కోరి దానికొరకు ప్రార్థింపుడని ఆ ఉత్తరములో నున్నది. ఆ పట్టణము వారి శత్రువుల పట్టణమే! అయినను దాని క్షేమములోనే వారి క్షేమమున్నదని దేవుడు సెలవిచ్చెను.

మన ఊళ్లనుండి వెళ్లినవారి నోటను హనన్యా మాటయే తరచుగా వినబడును. "ఎంతకాలము ఉందుము? రెండేండ్లు చేసికొని వచ్చేదముగదా" అందురు. ఆ రెండేండ్లు ఇరువది ఏండ్లగును. అంతవరకు వారు ఊరి సంఘమునకును చెందరు, పట్టణపు సంఘమునకును చెందరు. పండుగకు ఊరికి వచ్చి కానుక వేసి పోవుదురు. మిగిలిన దినములలో వారు ఎవరికి సహోదరులు?

2. ఆ పట్టణమునకును మన చెరువులకును సంబంధము

పాతబస్తీ పురాతనమైనది. మూసీ నదిమీది పురానాపూల్ వంతెన 1578లోను, చార్మినారు 1591లోను కట్టబడినవి. అయితే మనము నేర్చుకొనవలసిన పాఠము 1908వ సంవత్సరములో నున్నది. ఆ సంవత్సరము సెప్టెంబరు 28వ తేదీన మూసీ పొంగి రెండు ఒడ్డులను ముంచివేసెను. వేలాదిమంది చనిపోయిరి, వేలాది ఇండ్లు కూలెను. అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి ఆవరణములోనున్న ఒక చింతచెట్టు పైకి ఎక్కి ఇంచుమించు 150 మంది ప్రాణములు దక్కించుకొనిరి. ఆ చెట్టు నేటికిని ఉస్మానియా ఆసుపత్రి ఆవరణములో నిలిచియున్నది. ఆ దినమున ఆ కొమ్మలమీద ఎవరు ఏ కులమువారు, ఏ మతమువారు అని అడిగినవారు లేరు. నవాబు మహబూబ్ అలీ ఖాన్ అన్నశాలలు తెరిపించెను.

తరువాత 1909లో మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని పిలిపించి, ఈ వరద ఎందుకు వచ్చెనో విచారింపుమని కోరిరి. ఆయన కనుగొనిన సంగతి రైతులైన మీరు జాగ్రత్తగా వినదగినది. మూసీకి నీరుపోవు ప్రాంతములో 788 చెరువులుండగా, వానిలో 221 చెరువులు ఆ వానకు తెగిపోయెను. ఒక చెరువు తెగి దాని నీరు క్రింది చెరువుమీద పడెను. అదియు తెగి ఆ క్రింది దానిమీద పడెను. ఈలాగున ఊళ్లలో తెగిన కట్టలే పట్టణమును ముంచెను. ఆ విచారణ ఫలితముగా 1920లో ఉస్మాన్‌సాగరును, 1927లో హిమాయత్‌సాగరును సిద్ధమాయెను.

దీనిలో రెండు విధములైన సేవ కనబడుచున్నది. చింతచెట్టు చేసినది ఒక విధము: మునుగువానిని ఆ గడియలో పట్టుకొనుట. ఆనకట్ట చేసినది రెండవ విధము: మరల మునగకుండ ముందుగా కాపాడుట. సంఘమునకు రెండును కావలెను. ఆపద వచ్చినప్పుడు అన్నపు పొట్లములు పంచుట సులభము, పదిమందికి కనబడును. అప్పులపాలైన ఇంటిని నెమ్మదిగా నిలబెట్టుట, బడి మానిన పిల్లను తిరిగి బడికి పంపుట, త్రాగుడుకు లోబడినవాని ప్రక్కన నెలల తరబడి కూర్చుండుట కనబడవు. అయినను కట్ట కట్టుట అదియే.

కట్టినది ఒకసారితో చాలునని తలంపరాదు. 2020 అక్టోబరు 13, 14 తేదీలలో కురిసిన వానకు పాతబస్తీలో ఫలక్‌నుమా, చాంద్రాయణగుట్ట ప్రక్కలనున్న పల్లపు బస్తీలు మరల మునిగెను. కొలది దినములకే బాలాపూరు వైపు గుర్రం చెరువుకు గండిపడి హాఫిజ్ బాబానగర్ ఇండ్లలోనికి నీరు వచ్చెను. ప్రతి తరమువారును తమ కట్టను తాము చూచుకొనవలసియున్నది.

3. పొరుగువానికంటె ముందు మన పట్టీని చూచుకొనుట

అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయములో ఆది సంఘపు మొదటి సణుగుడు వినబడుచున్నది. అన్నము పంచుటలో కొందరు విధవరాండ్రు విడువబడిరి. వారెవరు? గ్రీకుభాష మాట్లాడువారు; హెబ్రీయుల నడుమ వేరు భాషవారు. ఎవరును వారిని కావలెనని విడిచినట్లు వ్రాయబడలేదు. అయినను భాష తెలియనివారి ఆకలి చెవిని పడదు.

అపొస్తలులు సణిగినవారిని గద్దింపలేదు. ఏడుగురిని ఏర్పరచుకొనుడనిరి. ఆ ఏడుగురి పేర్లు చూడుడి: స్తెఫను, ఫిలిప్పు, ప్రొకొరు, నీకానోరు, తీమోను, పర్మెనాసు, నీకొలాసు. అన్నియు గ్రీకు పేర్లే. అనగా ఎవరు విడువబడిరో వారి పక్షపువారి చేతికే సంఘము గరిటెను ఇచ్చినట్లు తోచుచున్నది. మరియొక సంగతి. మూలభాషలో వాక్యమును బోధించుటకును, బల్లయొద్ద వడ్డించుటకును "పరిచర్య" అను ఒకే మాట వాడబడినది. ఒకటి గొప్పది, ఒకటి చిన్నది అని లేఖనము చెప్పలేదు. ఆ తగవు తీరిన తరువాతనే వాక్యము ప్రబలెనని 7వ వచనములో నున్నది.

పాతబస్తీలో వీధిభాష దక్కనీ ఉర్దూ. మన పాలమూరు నుండియో మెదకు నుండియో క్రొత్తగా వెళ్లిన స్త్రీకి అది రాదు. అక్కడనే పుట్టి పెరిగిన క్రైస్తవ పిల్లలకు తెలుగు మాటలాడుట వచ్చును గాని కొందరికి చదువుట రాదు. కాబట్టి చిన్న సంఘములోనే రెండు భాషలవారుందురు. ఆదివారమున ఎవరు ముందు వరుసలో కూర్చుండుచున్నారో, ఎవరు గుమ్మమునొద్ద నిలిచి ప్రార్థన ముగియగానే వెళ్లిపోవుచున్నారో పెద్దలు చూడవలెను. గుమ్మమునొద్ద నిలిచినవారిలో ఒకరిని పెద్దగా ఏర్పరచుకొనుటయే అపొస్తలుల మార్గము.

4. పిడికెడు బియ్యపు లెక్క

"మేమే బీదలము, ఇతరులకు ఏమి చేయగలము?" అను మాట న్యాయమైన మాటవలె వినబడును. మన తెలుగు సంఘములలో పిడికెడు బియ్యపు ఆచారము పెద్దలనాటి నుండి యున్నది. తల్లి వంటకు బియ్యము కొలుచుకొనునప్పుడు, దేవుని పేర ఒక పిడికెడు తీసి వేరుగా కుండలో వేయును. దీని లెక్క చూతము. ఒక సంఘములో 30 కుటుంబములున్నవనుకొందము. పిడికెడు 50 గ్రాములనుకొందము. దినమునకు కిలోన్నర; నెలకు 45 కిలోలు. నెలకు 15 కిలోలు కావలసిన ఇండ్లు మూడు దానితో గడచును. ఎవరి ఇంటను ఒక్క ముద్దయు తగ్గినట్లు తెలియదు.

గలతీ పత్రికలో ఒక చిక్కు ఉన్నట్లు కొందరు అడుగుదురు. 6వ అధ్యాయము 2వ వచనములో ఒకరి భారమును ఒకరు మోయవలెనని పౌలు వ్రాసెను; 5వ వచనములో ఎవరి బరువు వారే మోసికొనవలెనని వ్రాసెను. మూలభాషలో ఇవి రెండు వేరు మాటలు. మొదటిది ఒక్కడు మోయలేని బరువు. రెండవది ఎవరి ప్రయాణపు మూట వారిది. కష్టపడి సంపాదింపగలవాడు తన మూటను సంఘముమీద పెట్టరాదు. నేలను పడినవానిమీది బండను అతడే ఎత్తుకొనవలెనని సంఘము చెప్పరాదు. ఏది మూట, ఏది బండ అని తెలిసికొనుటకే పెద్దలకు ప్రార్థన కావలెను.

10వ వచనమును గూర్చియు తగవు వచ్చును. అందరికి మేలు చేయవలెను, విశ్వాస గృహమునకు చేరినవారికి విశేషముగా చేయవలెను అని దాని భావము. కొందరు రెండవ భాగమును మాత్రమే పట్టుకొని గుమ్మము మూసికొందురు. కొందరు మొదటి భాగమును మాత్రమే పట్టుకొని తమ సంఘపు ముసలమ్మను మరచి వీధిలో పేరు సంపాదింతురు. దీపము ఇంటిలో వెలిగింతుము. కిటికీ తెరచియుండిన దాని వెలుగు వీధిలోను పడును. సేవ ఇంటిలో మొదలుపెట్టబడును, ఇంటితో ముగింపబడదు.

నెహెమ్యా 3వ అధ్యాయము పేర్ల పట్టీ యని మనము దాటివేయుదుము. అందులో బంగారపు పనివారును, పరిమళద్రవ్యములు చేయువారును ప్రాకారము కట్టిరి. షల్లూము అనువాడు తన కుమార్తెలతో కూడ కట్టెను. తెకోవ గొప్పవారు మాత్రము మెడ వంచలేదు. చార్మినారు ప్రక్కన అత్తరులు అమ్మువారు, లాడ్ బజారులో లక్క గాజులు చేయువారు, పత్థర్‌గట్టీలో ముత్యములు అమ్మువారు నేటికిని గలరు. వారిని తలచుకొని ఈ అధ్యాయము చదివినయెడల అది బ్రదికిన అధ్యాయమగును. అనేకులు తమ తమ ఇండ్లకెదురుగా బాగుచేసిరని అందులో మరల మరల చెప్పబడినది. పట్టణమంతయు కట్టుమని దేవుడు చిన్న సంఘమును అడుగుట లేదు. ఇంటి యెదుటనున్న గోడను అడుగుచున్నాడు.

5. ఎర లేని సేవ

సున్నితమైన సంగతియైనను దీనిని చెప్పవలసియున్నది. అన్యమతస్థులైన పొరుగువారికి మేలు చేయునప్పుడు, "దీనివలన వారు మన మందిరమునకు వత్తురా?" అని మనస్సులో లెక్క వేసికొనువారున్నారు. లూకా 17వ అధ్యాయములో ప్రభువు పదిమంది కుష్ఠరోగులను బాగుచేసెను. తిరిగివచ్చినవాడు ఒక్కడే, వాడును సమరయుడు. తొమ్మండుగురు ఎక్కడ అని ప్రభువు అడిగెను. అది నొచ్చుకొనిన మాటయే. అయినను ఆ తొమ్మండుగురికి ఇచ్చిన స్వస్థతను వెనుకకు తీసికొనలేదు. మనము సువార్తను దాచము. అడిగినవారికి మన నిరీక్షణకు హేతువు చెప్పుదుము. గాని అన్నములో గాలము పెట్టము. గాలము పెట్టినది అన్నము గాదు, ఎర.

పాతబస్తీలో ఈ మాటకు మరి యెక్కువ బరువున్నది. 1990లో అక్కడ మత కలహములు చెలరేగి అనేకుల ప్రాణములు పోయెను. అటుపిమ్మట హెన్రీ మార్టిన్ సంస్థవారు సుల్తాన్‌షాహీ బస్తీలో హిందూ ముస్లిం కుటుంబముల నడుమ పని మొదలుపెట్టిరి. ఈ సంస్థ 1930లో లాహోరులో స్థాపింపబడి, 1971లో హైదరాబాదునకు వచ్చినది. క్రొత్త నిబంధనను ఉర్దూలోనికిని పారసీక భాషలోనికిని తర్జుమా చేసి 1812లో చనిపోయిన హెన్రీ మార్టిన్ పాదిరిగారి పేరు దానికి పెట్టిరి. సుల్తాన్‌షాహీలో వారి పనికి అమన్ శాంతి అని పేరు. అమన్ ఉర్దూ మాట, శాంతి మన మాట. రెంటికిని అర్థము ఒకటే. పిల్లలకు చదువు, స్త్రీలకు కుట్టుపని నేర్పుట వంటివి చేసిరి. ఒకే గదిలో కుట్టుమిషనుల యెదుట కూర్చుండిన ఇద్దరు తల్లులు, బయట గొడవ పుట్టినప్పుడు ఒకరి బిడ్డనుగూర్చి ఒకరు భయపడుదురు. అట్టి భయము పుట్టుటయే సమాధానమునకు మొదలు.

మన తెలంగాణములో దీనికి పూర్వపు సాక్ష్యములు కలవు. నిజామాబాదు ప్రాంతమునకు వచ్చిన వైద్యురాలు ఇసబెల్ కెర్ దొరసానిగారు కుష్ఠరోగులను చూచి తాళలేక పని ప్రారంభింపగా, నర్సాగౌడుగారను హిందూ ధనికుడు ద్రవ్యసహాయము చేసెను. 1915లో డిచ్‌పల్లి ఆసుపత్రి తెరువబడెను. మెదకులో పాస్నెట్ దొరగారు కరవు దినములలో ఆకలిగొన్నవారికి పని కల్పించి, చేసిన పనికి అన్నము పెట్టించిరి. ఆ పనితో లేచిన మహాదేవాలయము 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠింపబడెను. మొదటిదానిలో పొరుగువాని సహాయమును మన పెద్దలు సిగ్గుపడక పుచ్చుకొనిరి. రెండవదానిలో బీదవాని గౌరవమును కాపాడిరి. ఇచ్చుట యెంత సేవయో, పుచ్చుకొనుటయు అంత సేవ.

6. గ్రామ సంఘము చేయవలసినది

ఇంతవరకు చదివి, "ఇది పట్టణమువారి పాఠము" అని మీరు పుస్తకము మూయవద్దు. 221 చెరువుల సంగతి మరల జ్ఞాపకము చేసికొనుడి. ఊరిలో తెగినది పట్టణములో ముంచును. మన యొద్ద బోధలేక, జాడలేక వెళ్లిపోయిన యౌవనుడు పట్టణములో కొట్టుకొనిపోవును. ఊరిలో నిలిచిన కట్ట పట్టణమునకును కాపుదల.

రోమా పత్రిక 16వ అధ్యాయములో ఫీబే అను సహోదరి కనబడును. ఆమె కెంక్రేయలోని సంఘపు పరిచారకురాలు. కెంక్రేయ కొరింథు దగ్గర చిన్న రేవు. ఆమె మహాపట్టణమైన రోమాకు వెళ్లుచుండగా, ఆమెను చేర్చుకొనుడని, ఆమెకు కావలసిన సహాయము చేయుడని పౌలు వ్రాసెను. చిన్న ఊరి సంఘపు స్త్రీ పెద్ద పట్టణమునకు ఉత్తరముతో పోయెను. మన పిల్లలు ఏమి పట్టుకొని పోవుచున్నారు?

కాబట్టి ప్రతి గ్రామ సంఘమువారు ఈ నాలుగు పనులు చేయవలెనని బ్రతిమాలుచున్నాము.

మొదటిది, ఎవరైనను పట్టణమునకు వెళ్లునప్పుడు ఆదివారమున సంఘము యెదుట వారికొరకు ప్రార్థించి, బోధకుని చేవ్రాలుతో సిఫారసు పత్రిక ఇయ్యవలెను. చేరబోవు బస్తీకి దగ్గరనున్న సంఘపు అయ్యగారి ఫోను నంబరును పత్రికలో వ్రాయవలెను.

రెండవది, వెళ్లినవారు నెలలోగా ఏ సంఘములో చేరిరో కనుగొని పుస్తకములో వ్రాయవలెను.

మూడవది, మన ఊరి రోగి ఉస్మానియా ఆసుపత్రికో, పేట్లబుర్జు ప్రసూతి ఆసుపత్రికో వెళ్లినయెడల ఆ దినముననే పట్టణపు సంఘమువారికి కబురు పంపవలెను. మంచము ప్రక్క మనిషికి ఒక పూట అన్నము, తెలిసిన భాషలో ఒక మాట, మందుల చీటీ చదివిపెట్టు ఒక యౌవనుడు: చిన్న సంఘము ఇవి చేయగలదు, కబురు తెలిసినయెడల.

నాలుగవది, పంట ఇంటికి వచ్చిన నెలలో పిడికెడు బియ్యములో ఒక భాగమును ఆ పట్టణపు సంఘమునకు పంపవలెను. మన రోగులకు వండిపెట్టుచున్న ఇల్లు గనుక అది దానము గాదు, ఋణము తీర్చుట.

కూడికలో మాటలాడుకొనవలసిన ప్రశ్నలు

1. హనన్యా మాట వినినవారు బబులోనులో ఎట్లు బ్రదికియుందురు? యిర్మీయా మాట వినినవారు ఎట్లు బ్రదికియుందురు?

2. మన సంఘములో గుమ్మమునొద్ద నిలిచి వెళ్లిపోవువారెవరు? వారి భాషను గాని కష్టమును గాని ఎరిగిన పెద్ద ఉన్నాడా?

3. మన యెదుటనున్న కుటుంబములలో ఎవరిది మూట, ఎవరిది బండ? బండనెత్తుటకు ఎంతమంది కావలెను?

4. గడచిన సంవత్సరములో పొరుగువారు మనకు చేసిన మేలును చెప్పుడి. దానిని సంతోషముతో పుచ్చుకొంటిమా?

5. మన సంఘమునుండి పట్టణమునకు వెళ్లినవారి పేర్లను ఇప్పుడే వ్రాసి, ఒక్కొక్క పేరును ఒక్కొక్క కుటుంబమువారు ప్రార్థనకు పంచుకొనుడి.

ప్రార్థన

పరలోకమందున్న తండ్రీ, మా ఊళ్లను విడిచి పట్టణములలో కష్టించు మా బిడ్డలను నీ చేతికి అప్పగించుచున్నాము. వారున్న వీధుల క్షేమమును వారు కోరునట్లు, వారి పొరుగువారు వారినిబట్టి సంతోషించునట్లు చేయుము. మా కట్టలు తెగకుండ మమ్మును మెలకువగా నుంచుము. మేము మరచిన పేర్లను మాకు జ్ఞాపకము చేయుము. పదిమందిని బాగుచేసి ఒక్కని కృతజ్ఞతను పొందిన నీ కుమారుడైన యేసుక్రీస్తు నామమున వేడుకొనుచున్నాము. ఆమెన్.